వైద్యమును తత్త్వమును

ఈ సంచికకై వైద్యులును తాత్త్వికులును వ్రాసి పంపిన వ్యాసములను కూర్చుచున్నప్పుడు మా మనస్సున పదే పదే మెదలిన పేరు కార్ల్ యాస్పర్స్. హైడల్‌బర్గ్ విశ్వవిద్యాలయపు మానసిక చికిత్సాలయమున, మెదడు కణములను సూక్ష్మదర్శినితో శోధించిన ఫ్రాంజ్ నిస్ల్ నాయకత్వమున పనిచేసిన ఆ యువవైద్యుడు, ముప్పదియేండ్ల ప్రాయమున, 1913లో, మనోవ్యాధులను గూర్చి యొక బృహద్గ్రంథమును వెలువరించెను. మెదడునకు తగిలిన గాయముచే జ్ఞాపకశక్తి నశించుట కార్యకారణ సంబంధముచే వివరింపదగినదనియు, బిడ్డను కోల్పోయిన తల్లి శోకము ఆమె జీవితములోనికి తొంగిచూచిననే గాని బోధపడదనియు, ఈ రెండు మార్గములలో నేదియు రెండవదానికి బదులు కానేరదనియు చెప్పు ఆయన వాదమును మన వైద్యవిద్యార్థులు తప్పక తెలిసికొనవలెనని మా దృఢాభిప్రాయము. రోగి తన యనుభవమును తన మాటలలోనే చెప్పుకొనుచుండగా ఓపికతో చెవియొగ్గుట ఆ పద్ధతికి ప్రాణము. పిమ్మట ఆయన అచ్చటనే తత్త్వశాస్త్రాచార్యుడయ్యెను. భార్య గెర్‌ట్రూడ్ యూదు వంశజురాలగుటచే నాజీ ప్రభుత్వము 1937లో ఆయనను పదవినుండి తొలగించెను. ఆమెను మాత్రము ఆయన విడువలేదు. పదవియు ప్రచురణస్వేచ్ఛయు లేని ఆ సంవత్సరములలోనే, పూర్వపు వైద్యగ్రంథమును తత్త్వవేత్త దృష్టితో ఆమూలాగ్రము తిరిగి వ్రాసెను. ఆ నూతన కూర్పు యుద్ధానంతరము, 1946లో గాని, అచ్చు కాలేదు.