గురి చేతిదా, తూటాదా?

మిత్రులు కోప్పడకపోతే ఒక మాట చెబుతాను. ఎన్.సి.సి. ఫైరింగులో గుండు తప్పితే మనం వెంటనే "చెయ్యి వణికిందిలే" అనేస్తాం. నేనూ అట్లే అనుకునేవాణ్ణి. మదనపల్లె క్యాంపులో 25 మీటర్ల దూరాన అయిదు తూటాలు పేల్చాను. నాలుగు ఒకచోట పడ్డాయి, అయిదోది విడిగా కిందికి పోయింది. "ఊపిరి బిగబట్టలేదు నువ్వు" అన్నారు హవల్దారు గారు. బిగబట్టాను! ఆ తూటాలు రెండు పెట్టెల్లోవి కలిపి ఇచ్చినవని తర్వాత తెలిసింది.

ఆ రాత్రి నోటుబుక్కు తీశాను. బి.యస్సీ. చదువు ఒక్కసారైనా అక్కరకు రావద్దా? సెకనుకు 330 మీటర్ల వేగంతో పోయే గుండు 25 మీటర్లు చేరేలోగా 2.8 సెంటీమీటర్లు కిందికి దిగుతుంది. వేగం 300 అయితే 3.4. తేడా 6 మిల్లీమీటర్లే. అదే 100 మీటర్ల దగ్గరైతే 9 సెంటీమీటర్లు దాటుతుంది. (గాలి నిరోధం వదిలేశాను, లెక్చరర్లు మన్నించాలి.) నా అయిదో గుండు అంతకంటే ఎక్కువే దిగింది కాబట్టి కొంత తప్పు నాదే. కొంత మాత్రం కాదు.

పుంగనూరు దగ్గర మా ఇంట్లో విత్తనానికి చెనిక్కాయలు వలిచేటప్పుడు మా అమ్మ పప్పులన్నీ ఒకే దిట్టంగా ఉండేట్టు ఏరుతుంది. చిన్నవీ పెద్దవీ కలిపి వేస్తే మొలక ఒకేసారి రాదంటుంది. పెద్ద రైఫిళ్లతో పోటీలకు పోయే విదేశీయులు తూటాలను తామే నింపుకోవడంలో ఉన్న రహస్యమూ ఇదే. గొట్టాలు తూచి జత చేస్తారు, మందు త్రాసులో తూస్తారు, గుండును ప్రతిసారీ ఒకే లోతుకు దించుతారు. మందు ఎక్కువ పొయ్యడం కాదు, ప్రతి తూటాలో అంతే పొయ్యడం. మన పాయింట్ టూ టూ తూటాకు ఆ వీలు లేదు. నిప్పంటించే మందు దాని అడుగు అంచులోనే ఉంటుంది, పేలిన గొట్టం మళ్లీ పనికిరాదు. అందుకే దానికి ఒకే లాటువి ఎంచుకోవడమే దారి. 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో పది మార్కుల చుక్క వెడల్పు అర మిల్లీమీటరు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో మన హైదరాబాదు గగన్ నారంగ్ కంచు పతకం గెలిచింది ఆ చుక్క మీదనే. ఆ స్థాయి వాళ్లు తమ తుపాకికి ఏ లాటు గుండ్లు కుదురుతాయో ముందే పరీక్షించి చూసుకుంటారు.

ఇదంతా నాకు ఆటగా తోచక పోవడానికి కారణం కుప్పం వైపు మా మేనత్త ఊరు. అక్కడ మా బంధువు ఒకాయన అడవిపందుల కోసం నాటుతుపాకిలో మందు చేతి అంచనాతో కూరాడు. ఆరోజు గొట్టం పగిలింది. కుడిచేతి రెండు వేళ్లు పోయాయి. ఇప్పుడు పాలు పిండాలన్నా అత్తే పిండాలి. ఇంట్లో మందు కూరుకొమ్మని నేను చెప్పడం లేదు. లైసెన్సు లేకుండా తూటాలు తయారుచెయ్యడం 1959 ఆయుధాల చట్టం ప్రకారం నేరం కూడా. కానీ "ఉజ్జాయింపుగా చాలులే" అనే బుద్ధి ఆయనదీ మనదీ ఒకటే కాదూ? ఆయనకు త్రాసు లేదు. మనకు ఫిజిక్సు లాబొరేటరీ ఉంది.

వచ్చే సంవత్సరం నుంచి ప్రతి టార్గెట్ కాగితం మీద రైఫిల్ నెంబరు, తూటాల లాటు నెంబరు రాయించమని యూనియన్ వారిని కోరుతున్నాను. ఖర్చు ఒక పెన్సిలు. రాసిపెట్టే పని నేను చేస్తాను. మొదటి కాగితం, ఆ అయిదు చిల్లులది, నా ట్రంకుపెట్టెలో ఉంది.