చెంచాతో కొలవకండి



బిడ్డకు జ్వరం వస్తే మనం పోసే మందు పారాసిటమాల్. పేరు ఒకటే గాని సీసాలు వేరు. ఒక సిరప్‌లో 5 మి.లీ.కు 125 మి.గ్రా. మందు ఉంటుంది, మరొక దానిలో 250. పసిపిల్లల చుక్కల మందులోనైతే ఒక్క మి.లీ.లోనే 100 మి.గ్రా.

మోతాదు బిడ్డ బరువును బట్టి ఉండాలి. కిలోకు 15 మి.గ్రా. మించరాదు. 10 కిలోల బిడ్డకు మొదటి సిరప్ 6 మి.లీ., రెండవది 3 మి.లీ., చుక్కల మందు ఒకటిన్నర మి.లీ. మాత్రమే. మొదటి సిరప్ కొలతలో చుక్కల మందు పోస్తే నాలుగింతలు లోపలికి పోతుంది. కాలేయానికే ముప్పు.

కనుక సీసా మీది అంకె చదవండి. వంటింటి చెంచా వద్దు. సీసాతో ఇచ్చిన కొలమూతే వాడండి. మోతాదుకు మోతాదుకు మధ్య కనీసం 4 గంటలుండాలి. రోజుకు 4 సార్లు మించకూడదు. పోసిన వేళ రాసిపెట్టండి, తెలియక అమ్మమ్మ మళ్ళీ పోయకుండా ఉంటుంది. మూడు నెలలు నిండని పసికందుకు జ్వరం వస్తే వెంటనే డాక్టరుకు చూపించండి.