కోరస్ చాటున చదవడం రాని పిల్లలు

జూన్ 12న బడులు తెరిచాక ఏ ఊరి ప్రాథమిక పాఠశాల పక్కనుంచి వెళ్లినా ఒకటే మోత. టీచరు ఒక వాక్యం చదువుతారు, ముప్పై గొంతులు అందుకుంటాయి. బయటి నుంచి వింటే బడి బ్రహ్మాండంగా నడుస్తున్నట్టే ఉంటుంది. అయ్యా, అమ్మా, ఆ మోతను నమ్మకండి. అందులో చదవగలిగే గొంతులెన్నో, వంత పాడే గొంతులెన్నో తేలదు. తేలేనాటికి పిల్లవాడు హైస్కూలు మెట్లెక్కేసి ఉంటాడు.

ఇది టీచర్లైన మిమ్మల్ని తప్పుపట్టే మాట కాదు. యాప్‌లో హాజరు, మధ్యాహ్న భోజనం లెక్కలు, ఫొటోలు, పైనుంచి అడిగే వివరాలు, మధ్యలో ఎన్నికల డ్యూటీ. ఏకోపాధ్యాయ బడి అయితే ఐదు తరగతులకూ మీరొక్కరే. ఇంత గందరగోళంలో తప్పిపోయేది అల్లరి చేసే పిల్లవాడు కాదు. అల్లరి చేయని పిల్లవాడు. నా భయమంతా వాడి గురించే.

వాణ్ణి ఎలా పట్టుకోవాలి? అందరూ కలిసి చదివేటప్పుడు పుస్తకం వైపు కాదు, పెదవుల వైపు చూడండి. ఒక క్షణం ఆలస్యంగా కదిలే పెదవులు పక్కవాడి నుంచి అందుకుంటున్నవి. తన వంతు రాగానే మంచినీళ్లకో బాత్రూముకో లేచే పిల్లను గమనించండి. సుద్దముక్కలు తేవడానికి, భోజనం ప్లేట్లు సర్దడానికి ముందుగా పరిగెత్తే పిల్లవాణ్ణి మెచ్చుకోండి గానీ ఎందుకు పరిగెడుతున్నాడో కూడా చూడండి. నోటిలెక్క టక్కున చెప్పి, అదే లెక్క నాలుగు వాక్యాల్లో రాసి ఇస్తే బిక్కమొహం వేసేవాడికి రానిది లెక్క కాదు. అన్నిటికంటే మోసం చేసేది అందమైన నోటుబుక్కు. బోర్డు మీది అక్షరాల్ని బొమ్మ గీసినట్టు దించేస్తారు. ఎర్ర ఇంకు టిక్కులు పడతాయి. అమ్మానాన్నలు మురిసిపోతారు. రాసింది ఏమిటో చదవమని అడిగితే మౌనం.

కాబట్టి విడిగా చదివించండి. ఒక్కొక్కరినీ మీ పక్కన కూర్చోబెట్టుకుని, మనిషికి రెండు నిమిషాలు. ముప్పై మందికి గంట చాలు. పాఠ్యపుస్తకం మాత్రం వద్దు, అది కంఠతా వచ్చేసి ఉంటుంది. ఎప్పుడూ చూడని చిన్న కథ ఇవ్వండి. బొమ్మ మీద చెయ్యి అడ్డం పెట్టండి. వాక్యం చివరి మాటను ముందు అడగండి. ఇంటింటికీ తిరిగే అసర్ సర్వే 2005 నుంచి చేస్తున్నది దాదాపు ఇదే. అక్షరం, మాట, ఒకటో తరగతి స్థాయి పేరా, రెండో తరగతి స్థాయి కథ. ఎవరు ఎక్కడ ఆగిపోతారో చూడటమే.

మన లిపి విషయంలో ఇంకో జాగ్రత్త. క కా కి కీ అని రాగం తీసి గుణింతం మొత్తం అప్పజెప్పిన పిల్లే, ‘కొ’ను విడిగా రాసి చూపిస్తే తెల్లమొహం వేస్తుంది. వరస వచ్చింది, అక్షరం రాలేదు. వత్తుల దగ్గర ఇంకా కష్టం. త, న, మ, య, ర, ల వత్తులు అసలు అక్షరంలా కనబడవు. ‘కత్తి’లో కింద ఉన్నది కూడా ‘త’యే అని ఎవరూ చూపించకపోతే పిల్లకు ఎలా తెలుస్తుంది? రెండో తరగతిలోనే అక్కడ ఆగిపోయిన పిల్లలు ఆ తర్వాత వత్తున్న ప్రతి మాటనూ ఊహించి చెప్పేస్తుంటారు. ఊహ సరిపోయినన్నాళ్లు ఎవరికీ అనుమానం రాదు.

మూడో తరగతి దాటితే ఊహ సరిపోదు. పరిసరాల విజ్ఞానం, లెక్కలు, అన్నీ చదివి అర్థం చేసుకోవాల్సినవే. ఇప్పుడు పుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిషు. తెలుగు పేజీయే చదవలేని బిడ్డకు రెండో పేజీ ఇంకో గోడ. అయినా ఏడాదికో తరగతి ఎక్కుతూనే ఉంటాడు. ఆపేయమని నేను అనను, ఆపితే బడి మానేస్తాడు. ఎక్కించే ముందు చూడమంటున్నాను.

ఒక్క మాట, చదవలేని ప్రతి బిడ్డా మొద్దు కాదు. కొందరికి బోర్డు కనబడదు. కొందరికి వినబడదు. ఏజెన్సీలో ఇంట్లో కోయ, గోండి, సవర మాట్లాడే పిల్లలకు బడి తెలుగే పరాయి భాష. తండా పిల్లలకూ అంతే. దయచేసి ‘సి గ్రూపు’ అని గోడ మీద పేర్లు రాయకండి. ఆ అక్షరం ఒక్కటీ వాళ్లు వెంటనే నేర్చుకుంటారు.

మరి చేయాల్సింది? రోజుకో గంట తరగతులు పక్కనపెట్టి, స్థాయిని బట్టి పిల్లల్ని కూర్చోబెట్టడం. హరియాణాలో 2012-13లో ప్రథమ్ సంస్థతో కలిసి ప్రభుత్వ టీచర్లే ఇలా చేస్తే భాషలో పిల్లలు మెరుగుపడ్డారని ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో బృందం లెక్క తేల్చింది. అంతకుముందు ఉత్తరాఖండ్‌లో శిక్షణా ఇచ్చారు, సామగ్రీ ఇచ్చారు. బడి దినచర్య మారలేదు, చదువూ మారలేదు. తెలంగాణలో 2022లో మొదలైన తొలిమెట్టు అయినా, ఇంకే పథకం అయినా, టైంటేబుల్లో ఆ గంట నిజంగా ఉంటేనే పనికొస్తుంది.

శిక్షణ సంగతీ చెప్పాలి. 2020 జాతీయ విద్యావిధానం టీచరుకు ఏటా కనీసం 50 గంటల వృత్తి శిక్షణ ఉండాలంది. మంచి మాటే. కానీ దీక్షా పోర్టల్‌లో వీడియో తనపాటికి తను ఆడుతుంటే పక్కన కూర తరిగి, చివర్లో సర్టిఫికెట్ దించుకునే 50 గంటలు ఎవరికీ చదువు చెప్పవు. స్కూల్ కాంప్లెక్స్ సమావేశానికి సర్క్యులర్లకు బదులు ఒక పిల్ల నోటుబుక్కు పట్టుకెళ్లండి. ‘ఈ అమ్మాయి ఇక్కడ ఆగిపోయింది, మీరైతే ఏం చేస్తారు’ అని పదిమంది టీచర్లను అడగండి. మదనపల్లె దగ్గర రిషివ్యాలీ వాళ్లు పల్లె బడుల కోసం మెట్లుమెట్లుగా తయారుచేసిన కార్డుల పద్ధతిని తమిళనాడు బడులు అందుకున్నాయి. మన ఇంట్లో పుట్టినదాన్ని పొరుగువాళ్లు వాడుకున్నారు, సరే, మనమూ తెరిచి చూడొచ్చు.

నిపుణ్ భారత్ పథకం పిల్లలందరికీ చదవడం నేర్పడానికి పెట్టిన గడువు 2026-27. గడువు దగ్గరపడితే అంకెలు బాగుండాలన్న ఒత్తిడి వస్తుంది. వస్తుందనే ముందుగా చెబుతున్నాను. చదవలేని బిడ్డ పేరు ఎదురుగా ‘చదువుతాడు’ అని ఎంట్రీ చేస్తే వాడికి రావలసిన సాయం ఆ క్షణంలోనే ఆగిపోతుంది. ఎం.ఈ.ఓ.లకూ ఇదే మనవి. తక్కువ అంకె పంపిన బడికి మెమో కాదు, మనిషిని పంపండి.

చివరగా, వలస వెళ్లే పిల్లలు. ఆదోని, మంత్రాలయం వైపు టీచర్లకు వేరే చెప్పక్కర్లేదు, దసరా దీపావళి దాటాక పత్తికీ మిర్చికీ కుటుంబాలు గుంటూరు దారి పడతాయి. వెనక పిల్లలూ వెళతారు. సీజనల్ హాస్టల్లో ఉండేవాళ్లు ఉంటారు, ఉండనివాళ్ల పేర్లు ఇప్పుడే రాసిపెట్టుకోండి. ఆ రోజువారీ గంటలో మొదటి వరసలో కూర్చోవాల్సింది వాళ్లే. ఏ పిల్ల ఏ అక్షరం దగ్గర ఉందో ఒక చీటీ రాసి తల్లి చేతికివ్వండి, అక్కడి బడిలో చూపించమని చెప్పండి.