వల కోసే చేతికి తోడుందాం

సముద్రపు వేట మనకు హలాల్. మాయిదా సూరాలో అల్లాహ్ ఇచ్చిన అనుమతి అది. అయితే అనుమతి వేరు, ప్రాణాన్ని వృథా చేయడం వేరు. ఈ తేడాను మచిలీపట్నం, దివిసీమ తీరవాసులే కాదు, ఆ చేపలు కొని తినే గుడివాడ కుటుంబాలూ ఆలోచించాలి.

డాల్ఫిన్ చేప కాదు. గాలి పీల్చి, పిల్లకు పాలిచ్చే జీవి. వలలో చిక్కితే పైకి రాలేక ఊపిరాడక చనిపోతుంది. కాన్పుకు సాధారణంగా ఒక్క పిల్లే గనుక పోయినవాటి లోటు త్వరగా పూడదు. డాల్ఫిన్, తిమింగలాల వేటను 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం నిషేధిస్తోంది.

పిల్లిని బంధించి, తిండి పెట్టక, తినడానికి వదలక చంపిన స్త్రీ నరకం పాలైందని దైవప్రవక్త (స) హెచ్చరించారు. బుఖారీలో ఉన్న హదీసు ఇది. వల కూడా బంధనమే కదా! చూసీ విడిపించకపోతే రేపు అల్లాహ్ ముందు ఏం జవాబిస్తాం?

కానీ వల కోస్తే నష్టపోయేది పేద జాలరి. అలాంటి వలకు రూ.25 వేల వరకు పరిహారమిచ్చే పథకం మహారాష్ట్రలో 2018లో మొదలైంది. మన తీరంలో ఏ జాలరీ ఆ నష్టాన్ని ఒంటరిగా మోయకూడదు. ప్రభుత్వాన్ని అడుగుదాం. మస్జిదు కమిటీలు సదఖా నుంచి కొంత సాయం చేయలేవా?

ఒడ్డుకు కొట్టుకొచ్చిన కళేబరాన్ని పాతిపెట్టేముందు అటవీశాఖకు కబురు చేయాలి. నీటిలోని వీటిని లెక్కించడం కష్టం. కళేబరం పొడవు, కడుపులోని ఆహారం, ఒంటిమీది గాయాలు పరిశోధకులకు ఎంతో చెబుతాయి.

యూనుస్ ప్రవక్త (అ)ను అల్లాహ్ ఆజ్ఞతో ప్రాణాలతో ఒడ్డుకు చేర్చింది ఒక సముద్రజీవే. ఈ జుమా బయాన్‌లో ఇమాములు ఈ విషయం చెప్పాలి.