ఒక పిల్లి, నాలుగు శవాలు

రంగస్థలం మీద చావు చూపరాదన్నాడు భరతముని. యుద్ధం, మరణం, నగరపు ముట్టడి ఇవన్నీ చాటున జరగవలసినవే. ఏదో ఒక చిన్న పాత్ర వచ్చి జరిగిన సంగతి మనకు విన్నవించి పోవాలి. ఏటేటా ఈ మాట తరగతిలో చెప్పి జీతం పుచ్చుకొనే మనిషిని నేను. అటువంటి నేను 2018 వేసవిలో లండన్ నోయెల్ కవర్డ్ థియేటర్‌లో కూర్చుని, వేదిక మీద శవాలను ముక్కలు నరుకుతుంటే పొట్ట పట్టుకొని నవ్వాను. చెప్పుకొంటే పాపం పోతుందంటారు గనుక రాస్తున్నాను.

టిక్కెట్లు కొన్నది అక్కడ కాపురముంటున్న మా చెల్లెలు. నాటకం గొప్పదని కాదు. ఆమె టెలివిజన్‌లో చూచే ధారావాహిక కథానాయకుడు ఎయిడన్ టర్నర్ ఇందులో వేషం కట్టాడని. "మరీ నెత్తురు నాటకమటగా, అమ్మాయ్?" అన్నాను.

"హాస్యమే అన్నయ్యా, పిల్లి కథ," అన్నది.

అబద్ధమాడలేదు. నాటకం పేరు "ది లెఫ్టినెంట్ ఆఫ్ ఇనిష్‌మోర్". రాసినవాడు మార్టిన్ మెక్‌డొనా, ఐరిష్ దంపతులకు లండన్‌లో పుట్టినవాడు. కథ 1993లో, ఐర్లండుకు పడమట సముద్రంలో ఉన్న ఇనిష్‌మోర్ దీవిలో జరుగుతుంది. తెర లేచేసరికి తల చితికిన నల్లపిల్లి ఒకటి కనిపిస్తుంది. అది పాడ్రిక్‌ది. పాడ్రిక్ అంటే సామాన్యుడు కాడు. ఐ.ఆర్.ఏ. వారే "వీడికి పిచ్చి, మనకొద్దు" అనుకొన్నంతటి ఘనుడు. పిల్లిని కనిపెట్టుకొని ఉండవలసిన తండ్రికీ, పొరుగు కుర్రవాడికీ ఇక గుండెలో రాయి. ఎక్కడిదో ఒక నారింజ రంగు పిల్లిని పట్టుకొచ్చి బూటు పాలిష్ పూయడం మొదలుపెడతారు!

రెండవ రంగంలో పాడ్రిక్ దర్శనం. మత్తుమందులమ్మే ఒకణ్ణి తలక్రిందులుగా వేలాడదీశాడు. కాలిగోళ్లు ఊడబెరికాడు. తరువాత ఏది కోయమంటావని వాణ్ణే అడుగుతున్నాడు. ఇంతలో టెలిఫోన్ మోగింది. పిల్లికి వంట్లో బాగులేదని తండ్రి కబురు. అంతే, కత్తి పట్టిన చేత్తోనే భోరున ఏడుపు! వేలాడుతున్నవాడు సమయం కనిపెట్టి, తన పిల్లికీ తామర వచ్చిందనీ, మాత్రను చీజులో చుట్టి పెడితే గుటుక్కున మింగుతుందనీ వైద్యం చెప్పి, ప్రాణం దక్కించుకొన్నాడు.

హాలంతా ఒకటే నవ్వు. నవ్వుతూండగానే నాకు మా అమ్మగారి పుట్టిల్లు జ్ఞాపకం వచ్చింది. రాయలసీమ పల్లె అది. నేను మామా అని పిలిచే పెద్దమనిషి ఒకాయన అక్కడ ఉండేవాడు. ఎద్దుకు జబ్బు చేస్తే రాత్రంతా కొట్టంలో దాని గంగడోలు నిమురుతూ కూర్చునేవాడు. అది చచ్చిననాడు అన్నం ముట్టలేదు. ఎంత మెత్తని మనసో అని ఊరంతా చెప్పుకొన్నది. ఆ ఏడే ఎదుటి వర్గం మనిషి ఒకడు చేలో నరికివేయబడి కనిపించాడు. ఆయన పేరు ఎవరూ పైకి అనలేదు. ఆ శవం దగ్గర ఏడ్చింది తల్లీ, పెళ్లామూ మాత్రమే. ఆ తరువాత సెలవులకు వెళ్లినప్పుడు ఆయన పెట్టిన బెల్లం ముక్క నేనూ తిన్నాను.

మెక్‌డొనాకు ఈ నాటకం ఊరికే పుట్టలేదు. 1993 మార్చి 20న ఇంగ్లండులోని వారింగ్టన్ బజారులో ఐ.ఆర్.ఏ. వారు చెత్తకుండీల్లో పెట్టిన బాంబులకు ఇద్దరు పిల్లలు బలి అయినారు. ఒకడికి మూడేళ్లు, ఒకడికి పన్నెండు. ఆ కోపం ఇలా నవ్వై బయటికి వచ్చింది. లండన్‌లో రెండు పెద్ద నాటకశాలలు వద్దన్న మీదట, 2001లో రాయల్ షేక్‌స్పియర్ కంపెనీ ధైర్యం చేసింది.

రెండవ సగంలో నెత్తురు మరీ ఎక్కువ. ఒక శవాన్ని నరికితే ఒళ్లు జలదరిస్తుంది. మూడోదానికి వచ్చేసరికి అది ఎర్రరంగని తెలిసిపోతుంది. అక్కడ భరతుడిదే పైచేయి అనిపించింది. కాని చివర చూడండి! నలుగురు మనుషులూ రెండు పిల్లులూ చచ్చాక, పాడ్రిక్ పిల్లి నిక్షేపంగా నడిచి వస్తుంది. మొదట చచ్చినది వేరే పిల్లి! ఇంతకూ కారణం ఇదేగా అని మిగిలిన ఇద్దరూ దానికి తుపాకులు గురిపెడతారు. చేతులు రావు. తిండి పెడతారు.

ఆ వచ్చినది నిజం పిల్లి. హాలంతా "అయ్యో, ఎంత ముద్దుగా ఉందో!" అని ఒక్క గొంతుతో మూలిగింది. అంతసేపూ మనుషులు చస్తుంటే ఆ మూలుగు వినబడలేదు.

బయట చెల్లెలు, "ఎలా ఉంది అన్నయ్యా?" అన్నది.

"ఆ పిల్లికి తర్ఫీదు ఎలా ఇచ్చారో!" అన్నాను. నా నోట వచ్చిన మొదటి మాట అదే.