బాసర యూరియా బస్తాకూ ఇరాన్ పైపులైన్‌కూ ఏమిటి సంబంధం?

బాసర, ముధోల్, భైంసా వైపు వరి, మొక్కజొన్న వేసే రైతుకు యూరియా అంటే సొసైటీ ముందు లైన్. 2025 వానాకాలంలో తెలంగాణ అంతటా ఇదే కనిపించింది. పాస్‌బుక్కులు, చెప్పులు వరుసలో పెట్టి తెల్లవారుజాము నుంచే కూర్చున్నారు. దిగుమతులు ఆలస్యమయ్యాయి, రామగుండం ప్లాంట్ మధ్యలో ఆగింది. తప్పు కేంద్రానిదా, రాష్ట్రానిదా అన్న గొడవే అప్పుడు గట్టిగా వినిపించింది. గ్యాస్ ఊసు ఎవరూ పెద్దగా ఎత్తలేదు.

యూరియాకు ముడిసరుకు సహజవాయువే. తయారీ ఖర్చులో సింహభాగం దానిదే. బాసర నుంచి గోదావరి వెంట కిందికి పోతే వచ్చే రామగుండంలో, బొగ్గుతో నడిచిన పాత ఎఫ్‌సీఐ ఫ్యాక్టరీ 1999లో మూతపడింది. దాని స్థానంలో గ్యాస్‌తో నడిచే ఆర్‌ఎఫ్‌సీఎల్ 2021లో వచ్చింది. సామర్థ్యం ఏడాదికి 12.7 లక్షల టన్నులు. కాకినాడ దగ్గరి మల్లవరం నుంచి పైపు వేసి దానికి గ్యాస్ తెచ్చారు. అయితే ‘మన తీరం గ్యాసే కదా’ అనుకోవడానికి లేదు. ఎరువుల ఫ్యాక్టరీలకు 2015 నుంచి స్వదేశీ గ్యాస్, దిగుమతి గ్యాస్ కలిపి సగటు ధర కడుతున్నారు. ఖతార్ నుంచి వచ్చే గ్యాస్ పిరమైతే రామగుండం లెక్క కూడా మారుతుంది.

రైతుకు అది ధరలో కనబడదు. 45 కిలోల బస్తా రూ.266.50కే వస్తుంది, మిగతాది సబ్సిడీ. ధర కదలదు కాబట్టి కొరత వస్తే లైన్ రూపంలోనే బయటపడుతుంది.

నిజానికి ఇరాన్ గ్యాస్ పాకిస్తాన్ మీదుగా నేరుగా పైపులో రావాల్సింది. ఆ ఆలోచన 1990ల నాటిది. 2004 తర్వాత పెట్రోలియం మంత్రిగా మణిశంకర్ అయ్యర్ దాన్ని గట్టిగా ముందుకు తోశారు. 2009 నాటికి ఢిల్లీ తప్పుకుంది. ధర, భద్రత అని కారణాలు చెప్పింది. అమెరికాతో అణు ఒప్పందం కుదిరింది అంతకు ముందు ఏడాదే. ఇరాన్ తన వైపు పైపు వేసుకుంది. 2013లో అహ్మదీనెజాద్, జర్దారీ కలిసి పాకిస్తాన్ భాగానికి ప్రారంభోత్సవం చేసినా, అమెరికా ఆంక్షల భయంతో అది పూర్తికాలేదు.

రెండోది తుర్క్‌మెనిస్తాన్ నుంచి వచ్చే ‘తాపీ’. 2015 డిసెంబర్‌లో శంకుస్థాపనకు అప్పటి ఉపరాష్ట్రపతి హమీద్ అన్సారీ వెళ్లారు. పొడవు 1,800 కిలోమీటర్లకు పైనే. భారత్, పాకిస్తాన్‌లకు చెరి 42 శాతం వాటా. అఫ్గాన్ గడ్డపై హెరాత్ దిశగా పని మొదలైంది 2024 సెప్టెంబర్‌లో. పేరుకు తగ్గట్టే తాపీగా నడుస్తోంది.

‘కుళాయి పాకిస్తాన్ చేతిలో ఉంటే ఎట్లా?’ అన్నది ఉత్త భయం కాదు. కానీ ఉక్రెయిన్‌ను చూడాలి. 2022లో యుద్ధం మొదలయ్యాక కూడా రష్యా గ్యాస్ ఉక్రెయిన్ మీదుగానే యూరప్‌కు పోయింది. కాంట్రాక్టు గడువు తీరాక, 2025 జనవరి 1న ఆగింది. ఉక్రెయిన్‌తో పని లేకుండా బాల్టిక్ సముద్రం అడుగున వేసిన నార్డ్ స్ట్రీమ్ మాత్రం 2022 సెప్టెంబర్‌లోనే పేలిపోయింది. శత్రువు గడ్డ మీది పైపు నిలిచింది, సురక్షితం అనుకున్నది పోయింది.

భారత్ ఓడల దారి ఎంచుకుంది. ఖతార్ నుంచి ఏటా 75 లక్షల టన్నుల ఎల్‌ఎన్‌జీ కొనే ఒప్పందాన్ని 2024 ఫిబ్రవరిలో 2048 దాకా పొడిగించారు. ఆ ఓడలన్నీ హోర్ముజ్ జలసంధి దాటాలి. ఇరుకు చోట దాని వెడల్పు 33 కిలోమీటర్లే, ఒక ఒడ్డు ఇరాన్‌ది. ఇరాన్ పైపు వద్దనుకున్నా ఇరాన్ వాకిలి తప్పలేదన్నమాట. 2025 జూన్‌లో ఖతార్‌లోని అమెరికా స్థావరం మీద ఇరాన్ క్షిపణులు పడ్డ రాత్రి, దోహాలో కొడుకులున్న నిర్మల్, నిజామాబాద్ ఇళ్లలో ఫోన్లు ఆగలేదు. హోర్ముజ్ మూసుకుంటే ఆ ఇళ్లకే దెబ్బ రెండు వైపులా తగులుతుంది: అక్కడ నౌకరీ, ఇక్కడ పొలం.

ముడి చమురుకైతే విశాఖలో భూగర్భ నిల్వ ఉంది, 13.3 లక్షల టన్నులు పడుతుంది. గ్యాస్‌కు దేశంలో ఎక్కడా అలాంటి వ్యూహాత్మక నిల్వ కట్టలేదు. టెర్మినళ్ల ట్యాంకుల్లో ఉన్నదే ఆధారం.