గోడ మూయకముందే

అమెరికాలో కొత్త ఇండ్లు అధికభాగం కొయ్య చట్రాలతో నిర్మింపబడతాయి. నీటి గొట్టాలు ఆ చట్రాల నడుమ సాగి, జిప్సం పలకల వెనుక మరుగవుతాయి. అందుచేత పలకలు బిగించకముందే గొట్టాలలో నీటినో గాలినో ఒత్తిడితో నింపి, స్థానిక అధికారి తనిఖీ చేయడం అక్కడ సాధారణ నియమం. ఇది కాలయాపన అని విసుగుకొనే గృహస్థులు లేకపోలేదు. ఆ విసుగు తగదు. సూదిమొనంత రంధ్రమైనా ఏళ్ల తరబడి కొయ్యను నానబెట్టి బూజు పట్టిస్తుంది. కొత్త ఇండ్లలో సీసపు గొట్టాలను చట్టం 1986లోనే నిషేధించింది. మంచిదే, కాని అతుకు సరిగా పడినదో లేదో చట్టం చూడలేదు కదా! వంటగది రాతిపలక రంగు ఎంచుకోవడానికి నాలుగుసార్లు వెళ్లే యజమాని, గోడ మూసే ముందురోజు ఒక్కసారి వెళ్లి గొట్టాలు సాగిన తీరును ఫొటోలు తీసుకోవాలి. తరువాత గోడకు మేకు కొట్టవలసివస్తే అతనికి అవే ఆధారం.